నలభై రెండో ట్యూబు

బీప్... బీప్... బీప్!

నిఖత్ పరిగెడుతోంది.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కేస్తోంది. చేతిలో టిఫిన్ క్యారియర్. చంకలో అమ్మ గులాబ్‌బీ కట్టిచ్చిన సుగంధి వేర్ల ఎర్రటి నన్నారి షర్బత్ సీసా. బయట ప్రొద్దుటూరు ఎండ నలభై నాలుగు డిగ్రీలు. పదకొండు గంటలకే వీధిలో నరమానవుడు లేడు.

బీప్... బీప్!

మూడేళ్లుగా నిద్రలో కూడా ఆమె భయపడేది ఆ చప్పుడికే.

ఫ్రీజర్ రూము తలుపు తోసేస్తుంది.

ఆరడుగుల ఫ్రీజర్. బీరువా అంత ఉంటుంది. దాని నుదుటి మీద, లోపలి బ్యాటరీతో వెలిగే ఎర్ర అంకె.

మైనస్ 71!

"యా అల్లా!"

ఎనభై ఉండాలి. పగలూ రాత్రీ, పండగా పబ్బం లేకుండా మైనస్ ఎనభై ఉండాలి!

చూస్తుండగానే అంకె మారుతుంది.

మైనస్ 70.

వెనక్కి వంగి చూస్తుంది. కరెంటు వైరు... కోసేశారు! పక్కనే జనరేటర్ వైరు... అదీ కోసేశారు! రెండూ నున్నగా, కత్తితో.

ఎలకలకు ఇంత తీరిక ఎక్కడిది? ఇది మనిషి పనే.

ఆ ఫ్రీజర్‌లో ఉన్నది మందులు కాదు. నలభై ఒక్క మంది రక్తం. పెద్దముడియం పక్క పల్లెల వాళ్లది. విరజ కెమికల్స్ అనే కంపెనీ గుంతలు తవ్వి విషపు నీళ్లు వదులుతున్న రోజుల్లో, మూడేళ్ల కింద, డాక్టర్ హేమలత ఇల్లిల్లూ తిరిగి తీసిన రక్తం. నిఖత్ ఆమె లాబ్‌లో టెక్నీషియన్.

ఇప్పుడు కంపెనీ ఆ గుంతలన్నీ పూడ్చేసింది. ఊరూరికీ మంచినీళ్ల ట్యాంకర్లు తిప్పుతూ ఫోటోలు దిగుతోంది. ఇప్పుడు మళ్లీ రక్తం తీస్తే విషం ఆనవాలు దొరకదు. పైగా ఆ నలభై ఒక్క మందిలో తొమ్మిది మంది ఇప్పుడు లేరు.

పదిహేడో నంబరు ట్యూబు మీద పేరు... షంషుద్దీన్.

ఆ కంపెనీలోనే వెల్డర్. నిఖత్ వాళ్ల నాయన. కిడ్నీలు రెండూ పోయి, పోయినేడు రంజాన్ నెలలో కన్ను మూశాడు. ఆయనది ఈ లోకంలో మిగిలింది ఆ రెండు మిల్లీలీటర్లే!

ఈ రోజు సాయంత్రం నాలుగు గంటలకు కోర్టు వేసిన కమిటీ పులివెందులలో ఆ ట్యూబులు తీసుకుంటుంది. అక్కడ ఇంకో మైనస్ ఎనభై ఫ్రీజర్ సిద్ధంగా ఉంది. హేమలత మేడం పొద్దున్నే అక్కడికి వెళ్లిపోయింది. కమిటీ షరతు ఒక్కటే. ట్యూబులు మైనస్ అరవై దాటి వేడెక్కాయో... తీసుకోరు.

కేసు అక్కడితో ఖతం!

ఫోన్ మోగుతుంది. ట్యూబుల కోసం కడప నుంచి రావలసిన వ్యాను డ్రైవరు.

"మేడం, నేను రాలేను. మైదుకూరు కాడ టీ తాగను దిగినా. నాలుగు టైర్లూ కోసేసినారు!"

నిఖత్ పళ్లు కొరుక్కుంటుంది. ఒకే రోజు... అక్కడ టైర్లు, ఇక్కడ వైర్లు.

తన బీరువా తాళం తీసి, మోచేతుల దాకా వచ్చే మందపాటి గ్లవ్స్ తొడుక్కుంటుంది. ఫ్రీజర్ తలుపు ఒక్క క్షణం తెరుస్తుంది. తెల్లటి పొగ మొహానికి కొడుతుంది.

ట్యూబులున్నాయి. అన్నీ ఉన్నాయి!

కానీ మూడో అరలో స్టీలు పిడి మీద ఏదో అతుక్కుని ఉంది. పల్చగా. ఉల్లిపొరలా.

వంగి చూస్తుంది.

చర్మం... మనిషి చర్మం!

అంత చల్లటి స్టీలును చెమట చేత్తో పట్టుకుంటే చెయ్యి అక్కడే కరుచుకుపోతుంది. లాక్కున్నాడో, తోలు ఊడి వస్తుంది. ఎవడో ట్యూబులు ఎత్తుకుపోవడానికే వచ్చాడు. గ్లవ్స్ తన బీరువాలో ఉన్నాయి కాబట్టి వట్టి చెయ్యి పెట్టాడు. చెయ్యి పోగొట్టుకున్నాడు. ఇక చేసేది లేక వైర్లు కోసి ఎండకు వదిలేశాడు. మిగతా పని ఎండే చేస్తుందని!

ఆ చర్మం నడుమ రెండు ఖాళీ గీతలున్నాయి. పక్కపక్క వేళ్ల మీద. గీతల దగ్గర స్టీలు మీద పచ్చటి రాపిడి.

ఉంగరాలు. బంగారు ఉంగరాలు!

అయితే ఏం? ఇది బంగారం అంగళ్ల ఊరు. ప్రొద్దుటూరులో ఉంగరం లేని మగాడి చెయ్యి వెతికినా దొరకదు.

కానీ ఫ్రీజర్ తాళం పగలలేదు. తాళంచెవితోనే తెరిచారు. తాళంచెవులు మూడే మూడు. ఒకటి తన మెడలో, తాయెత్తు పక్కన. ఒకటి మేడం దగ్గర. మూడోది...

నిఖత్ ఆ పేరును నోటిదాకా తెచ్చుకుని మింగేస్తుంది.

మళ్లీ ఫోన్!

"ఏం పాపా, ఫ్రిజ్ బాగుందా?"

ఓబులేసు. విరజ కంపెనీ నీళ్ల ట్యాంకర్లు తిప్పే కాంట్రాక్టరు. పేరుకే ట్యాంకర్లు. కంపెనీకి ఎదురు మాట్లాడిన వాళ్ల కాళ్లు విరగ్గొట్టడం అసలు పని.

"ఎండ శానా ఉంది. ఇంటికి పొయ్యి పండుకో. నీకెందుకు ఈ తలనొప్పి?"

"మా నాయన రక్తం అది."

"మీ నాయన పొయ్యినాడు గదా. నువ్వు గూడా పోతావా?"



"పోతా. పులివెందులకు పోతా. ఫ్రీజర్‌నే లారీకి ఎత్తుకొని నీ కండ్ల ముందరే పోతా. మగోడివైతే ఆపుకో!"

ఠక్కున పెట్టేస్తుంది.

వెంటనే ఇంకో నంబరు నొక్కుతుంది.

"నారాయణ మామా, యాడుండావు?"

"పశువుల ఆస్పత్రి కాడ పాపా. ఏంది సంగతి, గొంతు అట్లుంది?"

నారాయణ పెద్దముడియం మనిషి. బైకు వెనక అల్యూమినియం డబ్బా కట్టుకుని ఊళ్లు తిరుగుతూ ఆవులకు, బర్రెలకు చూలు కట్టేందుకు ఎద్దు వీర్యం సూదులు వేస్తాడు. ఆయన పెండ్లాం ప్రమీలమ్మది ఇరవై మూడో నంబరు ట్యూబు. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలిసిస్.

"లాబ్ కాడికి రా మామా. బిరీన!"

"వస్తాండా!"

పది నిమిషాల్లో వచ్చేశాడు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఫ్రీజర్ రూము తలుపు లోపల గడి పెట్టే ఉంది.

* * *

పన్నెండుంపావు.

నారాయణ వాకిట్లో బైకుకు డబ్బా బిగించి కడుతున్నాడు. గేటులోకి ఇంకో బండి దూసుకొస్తుంది.

హర్ష. లాబ్ మేనేజరు. హేమలత మేడం సొంత తమ్ముడు.

"ఏమైంది నిఖత్? అలారం మెసేజ్ ఇప్పుడే చూసినా!"

ఎడమ చేతికి మూడు ఉంగరాలు తళతళ మెరుస్తున్నాయి. కుడి చేతికి తోలు గ్లవ్.

ఈ ఎండలో!

ఆమె చూపు ఎక్కడుందో పట్టేశాడు. "బండి హ్యాండిల్ పట్టుకోలేక చస్తాండా. నిప్పు మాదిరి కాలుతాంది."

మరి ఎడమ చేతి హ్యాండిల్ కాలదా?

నిఖత్ అడగదు.

"ఈయన ఎందుకొచ్చినాడు?" నారాయణను చూసి హర్ష మొహం చిట్లిస్తాడు.

"నీళ్లు తాగను వచ్చినా సార్," అంటాడు నారాయణ కిక్కు కొడుతూ. "పోతాండా. తొండూరు అవతల బర్రె ఎదకొచ్చిందంట. ఆలస్యమైతే రైతు నన్ను తంతాడు."

"పైలం మామా," అంటుంది నిఖత్.

బైకు దుమ్ము రేపుకుంటూ పోయింది.

"వైర్లు కోసేసినారు సార్," అంటుంది హర్షతో. "ఫ్రీజర్‌నే లారీకి ఎక్కిస్తాండా. వైరు అతికించి, చిన్న జనరేటర్ పెట్టి పులివెందులకు తీసకపోదాం."

"అయ్యే పనేనా? మూడు క్వింటాళ్లు ఉంటాది!"

"కావాల సార్. మీరు గూడా రండి. మీరుంటే నాకు ధైర్యం."

హర్ష ఒక్క క్షణం తటపటాయించాడు. ఫోన్ తీసి ఎడమ చేతి బొటనవేలితో ఏదో కొట్టి పంపాడు.

"సరే. పోదాం పా!"

* * *

చిన్న లారీ. స్టీరింగ్ దగ్గర షాహుల్ మామూ, నిఖత్ తల్లికి తమ్ముడు. వెనక తాళ్లతో కట్టిన ఫ్రీజర్, దాని పక్కన గడగడలాడే జనరేటర్. ఆ రెండింటి నడుమ నిఖత్, హర్ష.

"ఎర్రగుంట్ల మీద పోతే దగ్గర గదా?" అరుస్తాడు హర్ష.

"ఆడ సిమెంటు లారీల నడుమ ఇరుక్కుంటే చచ్చినాం సార్! జమ్మలమడుగు మీద పోనీ మామూ!"

మైనస్ 66.

జమ్మలమడుగు ఇంకా రాలేదు. గడగడ... గడ... గడ్... జనరేటర్ ఆగిపోయింది!

నిఖత్ చటుక్కున తిరుగుతుంది. హర్ష మోకాలు జనరేటర్‌కు ఆనుకుని ఉంది. డీజిల్ వాల్వు... మూసి ఉంది.

చూసింది. చూడనట్టే తాడు లాగి లాగి స్టార్ట్ చేయబోతుంది.

"వదిలెయ్ నిఖత్. అది చచ్చింది," అంటాడు హర్ష. గొంతులో బాధ లేదు.

మైనస్ 63.

పెన్నా వంతెన ఎక్కగానే వెనక హారన్!

జీపు. అందులో నలుగురు. చేతుల్లో కట్టెలు.

"మామూ! వెనక!"

"చూసినా!" అరుస్తాడు షాహుల్. "కువైట్‌లో పన్నెండేండ్లు షేకు పిల్లోల్లను బడికి తిప్పినా. ఆ పిశాచాల కంటే వీళ్లు ఎక్కువనా!"

లారీ ఎగిరి దూకుతుంది. జీపు పక్కకొస్తుంది. రాయి ఒకటి వచ్చి అద్దాన్ని భళ్లున పగలగొడుతుంది!

షాహుల్ స్టీరింగ్‌ను ఒక్క తిప్పు తిప్పాడు. లారీ రోడ్డు దిగి, కోసేసిన శనగ చేలో పడింది. దుమ్ము! ముందూ వెనకా కనపడనంత దుమ్ము!

నిఖత్ ఫ్రీజర్‌ను వాటేసుకుంది. కోపం పొంగుకొస్తోంది. రండి... ఎంతమంది వస్తారో రండి!

దుమ్ములో దారి తెలియక జీపు గట్టెక్కి పల్టీ కొట్టింది. అందులోంచి బూతులు వినిపిస్తున్నాయి. అంటే బతికే ఉన్నారు.

లారీ మళ్లీ రోడ్డెక్కింది. ముద్దనూరు దాటింది.

మైనస్ 60.

మైనస్ 59!

"అయిపోయింది," హర్ష నిట్టూరుస్తాడు. "అరవై దాటిపోయింది. ఇంక ఎందుకు ఈ పరుగు? వెనక్కి తిప్పమను."

"పోనీ మామూ!"

"నీకు మతి పోయిందా? కరిగిపోయిన రక్తం తీసకపొయ్యి ఏం జేస్తావు?"

"పోనీ... మామూ!"

* * *

తొండూరు దాటి రెండు కిలోమీటర్లు.

రోడ్డుకు అడ్డంగా నీళ్ల ట్యాంకరు!

కీచుమంటూ బ్రేకు.

ట్యాంకరు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు ఓబులేసు. తెల్ల చొక్కా. చేతిలో నాటు పిస్తోలు. చుట్టూ ఆరుగురు.

"వచ్చినావా పాపా? చెప్పినట్టే వచ్చినావే!"

షాహుల్‌ను కాలరు పట్టి కిందికి లాగారు. నిఖత్ తనంతట తానే దూకింది. ఒకడు చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టింది.

"నన్ను ముట్టుకోవాకు! నిలబడేదానికి నాకు కాళ్లుండాయి!"

ఓబులేసు నవ్వుతాడు. "తాళంచెవి?"

నిఖత్ మెడ మీద చెయ్యి పెట్టుకుంటుంది.

ఆ అవసరమే రాలేదు. హర్ష జేబులోంచి తీసి ఇచ్చేశాడు.

"ఓరి నమ్మకద్రోహీ!" షాహుల్ అరుపు.

హర్ష నిఖత్ వైపు చూడడు. "అక్కకు పిచ్చి పట్టింది. ఈ ఒక్క కేసు పట్టుకొని లాబ్‌ను ముంచుతాంది. కంపెనీ మాకు పెద్ద లాబ్ కట్టిస్తానంది నిఖత్. మంచి కోసమే చేసినా."

"ఎవురి మంచి?" అంటుంది నిఖత్. "తొమ్మిది మందిని పూడ్చినాం, కాల్చినాం. వాళ్ల మంచా?"



ఓబులేసు మనుషులు తువ్వాళ్లు చుట్టుకుని ర్యాక్ బయటికి లాగారు. నలభై ఒక్క ట్యూబులూ నల్లటి తారు మీద కుమ్మరించారు. నిమిషంలో కరగడం మొదలైంది. ఎర్రగా, చిక్కగా.

ఓబులేసు బూటుతో తొక్కాడు. ఒకటి... రెండు... పది... పదిహేడు.

"చూడు పాపా. పదిహేడో నంబరు మీ నాయనదంట గదా."

నిఖత్ కళ్లు ఆర్పకుండా చూస్తోంది. పెదవి కొరుక్కుంటోంది.

ఏడుపు ఆపుకుంటోందనుకున్నాడు.

నవ్వు ఆపుకుంటోంది!

"అన్నా..." ఒకడు వంగి వాసన చూశాడు. వేలు అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. మొహం అదోలా అయిపోయింది. "అన్నా... ఇది నెత్తురు కాదన్నా. నన్నారి!"

"ఏందీ?"

"నన్నారి షర్బత్ అన్నా. శానా బాగుంది."

నిఖత్ పగలబడి నవ్వింది. "మా అమ్మ చేతిది అన్నా. ఖాళీ ట్యూబుల్లో పోసి పెట్టినా. ఇంకో లోటా ఉంటే ఇద్దును. ఎండన పడి వచ్చినారు గదా!"

ఢాం!

ఓబులేసు ఫ్రీజర్‌ను కాల్చాడు. అంకెల అద్దం ముక్కలైంది. రెండడుగుల్లో వచ్చి పిస్తోలు నిఖత్ నుదుటికి ఆనించాడు.

"యాడున్నాయి? చెప్పు! యాడ దాచినావు?"

ఆమె చేతిలో ఫోన్ మోగింది.

హేమలత మేడం.

"ఎత్తు!" ఓబులేసు గుర్రుమన్నాడు. "స్పీకర్ పెట్టు. అంతా కరిగిపోయిందని చెప్పు. వేరే మాట మాట్లాడినావో, కాలుస్తా!"

నిఖత్ బుద్ధిమంతురాలిలా స్పీకర్ నొక్కింది.

"నిఖత్!" మేడం గొంతు ఎగిరి గంతేస్తోంది. "నారాయణ వచ్చేసినాడమ్మా! ఎద్దు సూదులు తీసేసి, ట్యూబులన్నీ ఆ నైట్రోజన్ డబ్బాలో పెట్టి పంపినావంట గదా! మైనస్ నూట తొంభై ఆరు! మన ఫ్రీజర్ కంటే రెండింతలు చల్లగా ఉండాయి. కమిటీ వాళ్లు ఈడనే కూర్చొని వింటాండారు. అన్నీ తీసుకున్నారు!"

ఓబులేసు నోరు తెరుచుకుంది. తన మనుషుల వైపు తిరిగి గుసగుసగా అడిగాడు.

"నారాయణ ఎవుడ్రా?"

"అదే అన్నా... ఆ ఎద్దుల డబ్బా మనిషి. గంట కింద ఈడ ఆపినాం." "నువ్వే గదన్నా... పాపం ఎండన పోతాండాడని చల్లనీళ్లు ఇప్పించి, రేపు మన బర్రెకు రమ్మని చెప్పి పంపించినావు."



"నిఖత్, ఒక్క సందేహం," ఫోన్‌లో మేడం. "లిస్టులో నలభై ఒకటే గదా. ఈడ నలభై రెండు ట్యూబులుండాయి. ఆఖరి దాని మీద ఈ రోజు తేదీ ఉంది, పేరు లేదు. లోపల నెత్తురు గూడా కాదు. ఎవరిదమ్మా అది?"



నిఖత్ తల తిప్పి హర్షను చూసింది. ఆ తోలు గ్లవ్‌ను చూసింది.

"చర్మం మేడం. ఈ పొద్దు మన ఫ్రీజర్‌లో వట్టి చెయ్యి పెట్టినోడిది. ర్యాకుకు అతుక్కొని ఉంటే గీకి పెట్టినా. ఫోటోలు గూడా తీసి నారాయణ మామ ఫోన్‌కు పంపినా. ఉంగరాలు తీసి, గ్లవ్స్ తొడుక్కోండని నూరుసార్లు చెప్పినా. ఒక్కసారి వినలేదు."

"ఎవరు?"

"మీ తమ్ముడు మేడం."



"అబద్ధం అక్కా!" హర్ష గొంతు చీలిపోయింది. "అబద్ధం!"

"అయితే గ్లవ్ తియ్యి హర్షా," అంది నిఖత్. ఈసారి 'సార్' అన్న మాట లేదు. ఇక ఉండదు.

హర్ష కుడి చెయ్యి వీపు వెనక్కి దాచుకున్నాడు.

ఓబులేసు ఆలోచిస్తున్నాడు. కళ్లలోనే కనిపిస్తోంది. ట్యూబులు పోయాయి. కమిటీ చేతికి చేరిపోయాయి. ఇక ఆ వైర్లు కోయించింది ఎవరో చెప్పగలిగిన నోరు ఒక్కటే మిగిలింది.

పిస్తోలు నిఖత్ నుదుటి మీద నుంచి లేచింది.

మెల్లగా... పక్కకు తిరిగింది.

హర్ష గుండె మీదికి!

"అన్నా... వద్దన్నా!" హర్ష మోకాళ్ల మీద పడిపోయాడు. "అక్కా! అక్కా, వీడు నన్ను సంపుతాండాడు! వైర్లు కోయమన్నది ఈ ఓబులేసే అక్కా! టైర్లు కోయించింది గూడా వీడే! విరజ కంపెనీ గెస్ట్‌హౌస్‌లో కూర్చోబెట్టి చెప్పినారు! తొండూరు కాడ రోడ్డు మీదనే ఉండాం... అక్కా!"

ఓబులేసు వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది.

అక్కడే ఆగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ఫోన్. స్పీకర్. పెట్టమన్నది తనే.

నిఖత్ ఫోన్‌ను ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకుంది.

"ఇంకొంచెం గట్టిగా చెప్పు హర్షా... కమిటీ వాళ్లు రాసుకుంటాండారు!"